గోలీని చూసి పెట్టిన పేరు

"ఇంకా కోపమేనా?" అని మా చుట్టాలు అడుగుతుంటారు. ఇన్నేళ్లయింది, పిల్ల బాగైంది, రాష్ట్రం వచ్చింది, ఇంకా ఎందుకు తవ్వుకుంటావు అంటారు. బాగైంది కాబట్టే తవ్వుకుంటున్నాను. బాగు కాకపోయి ఉంటే ఏడుస్తూ కూర్చునేదాన్ని, కోపానికి తీరిక ఉండేది కాదు.

నా బిడ్డకు నాలుగేళ్లు నిండిన ఎండాకాలంలో మొదటి పొక్కు లేచింది. నోటి పక్కన, కందిగింజంత, నిండా నీళ్లు. తర్వాత పొత్తికడుపు మీద, తొడల లోపల. నడిమి పొక్కు ఎండిపోతుంటే దాని అంచు చుట్టూ కొత్తవి లేచేవి, పూసలు గుచ్చి గుండ్రంగా చుట్టినట్టు. ఒకటే దురద. గోకితే పగిలేది, పగిలితే మంట. పిల్ల కాళ్లు ఎడం చేసి నడిచేది, లాగు తొడగనిచ్చేది కాదు. నా పాత నూలుచీర చింపి మెత్తటి గుడ్డ చుట్టేదాన్ని. తెల్లారి తీయబోతే గుడ్డతో పాటు చర్మం లేచివచ్చేది. ఆ గుడ్డ తీసే పని నాదే, ఇంకెవరికీ చేతులు వచ్చేవి కావు.

మా అత్తగారిల్లు జనగామ దగ్గర ఒక పల్లె. తల్లిగారిల్లు ఘనపూర్ పక్కన, భూపాలపల్లి తొవ్వలో. మా ఆయన మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, బియ్యం మిల్లులో పని చేసేవాడు. వారానికోసారి రైలెక్కి వచ్చేవాడు. ఇప్పుడివి మూడు జిల్లాలు. అప్పుడు ఒక్కటే జిల్లా, నా బతుకంతా ఈ మూడు చోట్ల మధ్య బస్సులు మారడంలోనే గడిచింది.

మొదట అమ్మవారన్నారు. వేపాకు పరిచి పడుకోబెట్టారు. అమ్మవారైతే వారం పది రోజులకు దిగిపోవాలి, దిగలేదు. తర్వాత ఒంటిని పాములా చుట్టుకునే సర్పి అన్నారు. మా అత్త పుట్టిన ఊరు జఫర్‌గఢ్. అక్కడ సర్పికి మందు వేసే కుమ్మరాయన ఉన్నాడని ఎండలో పిల్లను చంకనేసుకుని పోయింది. ఆయన జాజు ఎర్రమట్టి కలిపి పిల్ల పొట్ట మీద ఎర్రటి సింహం బొమ్మ గీశాడట. పిల్లకు ఆ బొమ్మ తెగ నచ్చింది, చెరిగిపోతుందని స్నానానికి రానంది. సింహం ఎండి రాలిపోయింది, పొక్కులు రాలలేదు. ఇక్కడ నేను మా అత్తను ఒక్క మాట అనను. అంత దూరం మోసుకుపోయింది ఆమె, ప్రేమ లేకపోతే పోదు. అనాల్సిన చోటు ముందుంది.

ఆ తర్వాత ఊళ్లోకి వచ్చే ఆర్‌ఎంపీ గజ్జి అన్నాడు, గజ్జి మందు పూశాడు. పచ్చి పుండు మీద ఆ మందు పడితే పిల్ల అరిచిన అరుపుకు వాడకట్టంతా బయటికి వచ్చింది. ఆ రోజే నేను మా ఆయనతో చెప్పాను, ఇక ఎవరి మాటా వినను, వరంగల్ పోదాం పద అని.

వరంగల్‌లో చర్మం డాక్టరమ్మ పిల్ల ఒళ్లంతా కిటికీ దగ్గర వెలుతురులో నిలబెట్టి చూసింది. పొక్కు అంచున చిన్న చర్మం ముక్క తీసి హైదరాబాద్ పంపించింది. రక్తం కూడా తీయించింది. జవాబులు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఆ రోగానికి ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. అందులో ఐజీఏ అన్న ముక్క ఒక్కటే నా చెవిన మిగిలింది.

"గిది అంటుకునేది కాదు తల్లీ. ఒంట్ల రోగాలను తరిమే కాపలా ఒకటి ఉంటది గద, నీ బిడ్డకు ఆ కాపలా దారి తప్పి సొంత చర్మం మీదనే పడ్డది. చర్మం పైపొర, కింది పొర పట్టుకోని ఉంటయి. ఆ పట్టు సడలితె నడుమ నీళ్లు జేరి పొక్కు అయితది. చిన్నపిల్లలల్ల చానమందికి కొన్నేండ్లకు అదే పోతది. అందాక మందు ఆపొద్దు."

మందు చిన్న తెల్ల గోలీ, పేరు డాప్సోన్. కొందరి రక్తానికి అది పడదట, అందుకే ముందుగా రక్తం చూసుకుని పడుతుందని తేలాకే ఇచ్చింది. నన్ను మాత్రం ప్రత్యేకంగా దగ్గరికి పిలిచి ఇంకో మాట చెప్పింది.

"ముందుగాలనే చెప్తున్న, రేపు ఇంకెవరో చెప్తె నీ గుండె పగులొద్దు. గీ గోలీ కుష్టుకు గూడ ఇస్తరు. నీ బిడ్డకు కుష్టు లేదు. ఒక్క కత్తితోనే ఉల్లిగడ్డ కోస్తం, బెండకాయ కోస్తం. కత్తిని జూసి ఏం కూరనో చెప్పలేం గద. నీ అంతల నువ్వు బంద్ చెయ్యకు. పెదవులు నీలం తిరిగినా, ఉచ్చ నల్లగ వచ్చినా ఉన్నపాటున తీస్కరా."

ఇంటికొచ్చి కత్తిపీట మీద గోలీని సగం చేసి బెల్లం నీళ్లలో కలిపి తాగించడం మొదలుపెట్టాను. ఆ వారమే కొత్త పొక్కులు లేవడం తగ్గింది. కొన్నాళ్లకు పాతవి మానిపోయి లేత చర్మం వచ్చింది. ఒకరోజు పిల్ల అన్నం ముందు కూర్చుని మామిడికాయ తొక్కు కావాలంది. నోరు పూసి ఎండాకాలమంతా పెరుగన్నం తప్ప ముట్టని పిల్ల కారం అడిగింది. తొక్కు వేసి పెట్టి వంటింట్లోకి పోయి ఏడ్చాను.

అప్పుడే తెలంగాణ కావాలని సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, మధ్య మధ్య రైళ్లూ ఆగాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది నాకు. కానీ సమ్మెను తిట్టుకోలేదు. నేనూ అందులోనే ఉన్నాను. చిన్నప్పుడు బళ్లో నేను "గిట్లనా సారూ" అంటే మా సారు నా మాటను వంకరగా తిప్పి పలికి క్లాసంతా నవ్వించాడు. ఆయన ఇటు కొలువుకు వచ్చిన కోస్తా మనిషి. ఆ నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది. ఆ కోపంతోనే రోడ్డు మీద బతుకమ్మ ఆడాను, గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చాను. రాష్ట్రం కావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకున్నాను, ఎవరో పిలిస్తే పోయిన దాన్ని కాదు.

మా ఊళ్లో ఉద్యమానికి ముందు నిలిచింది మా ఆయన పెద్దనాయన కొడుకు, నాకు బావ వరుస. మాట పొందిక తెలిసిన మనిషి. మైకు పట్టుకుంటే ముసలివాళ్లు కూడా నడుం నిటారు చేసుకుని కూర్చునేవాళ్లు. "మన ఇంట్ల మనల్నే పక్కకు కూసోబెట్టిండ్రు. మన కంచం వేరు పెట్టిండ్రు. మన నోటి మాటను ఎంగిలి జేసిండ్రు" అనేవాడు. నేను ముందు వరుసలో కూర్చుని చేతులు నొచ్చేలా చప్పట్లు కొట్టాను.

ఊరి చివర ఒక ముసలవ్వ ఉండేది. ఆమె సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమెకు కుష్టు వచ్చింది. సర్కారు గోలీలు మింగింది, తగ్గిపోయింది. కుడిచేతి వేళ్లు మాత్రం వంకర తిరిగి ఉండిపోయాయి. రోగం ఆమెను వదిలి ఎన్నేళ్లయిందో, ఊరు మాత్రం రోగాన్ని వదల్లేదు. దుకాణంలో ఉప్పడిగితే పైనుంచి కొంగులో పోసేవాళ్లు. పండక్కి సత్తు ముద్ద పెట్టాలన్నా జానెడు ఎత్తు నుంచి వదిలేవాళ్లు, పట్టుకోవడం ఆమె పని. వంకర వేళ్లతో పట్టుకోలేక జారిపోతే వంగి ఏరుకునేది. మా ఊళ్లో ఇది తప్పని ఎవరికీ తోచలేదు, మర్యాదగా పెడుతున్నామనే అనుకునేవాళ్లు.

బస్సులు లేక వరంగల్ పోలేకపోయాను. ఇంట్లో గోలీలు నిండుకుంటున్నాయి. జనగామలో దొరుకుతాయేమోనని ఆటోలో పోయి, మందుల దుకాణంలో ఖాళీ అట్ట చూపించాను. కొట్టాయన దాన్ని వెలుతురుకు పట్టి చదివాడు. చదివి మెల్లగా చెప్పొచ్చు. నలుగురు నిలబడ్డ కొట్టులో అంగట్లో కేకేసినట్టు చెప్పాడు.

"గిది మా దగ్గర ఉండదమ్మా. కుష్టు గోలీ. సర్కారు దవాఖానల అడుగు."

నా పక్కన మా ఊరామె నిలబడి ఉంది, జ్వరం మందు కోసం వచ్చింది. నా మొహం చూసింది, పిల్లను ఇంటి దగ్గర వదిలి వచ్చానా అని చుట్టూ చూసింది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కుండ మూతికైతే మూకుడు పెట్టొచ్చు, ఊరి మూతికి ఏం పెడతాం? నేను ఆటో కోసం నిలబడే లోపే ఆమె ఎవరిదో బండి వెనుక ఎక్కి వెళ్లిపోయింది.

నేను ఊరు చేరేసరికి మా అత్త ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పోతే ముసలవ్వ ఇంటి గుమ్మానికి ఎడంగా నిలబడి కనిపించింది. చేతిలో నా గోలీల అట్ట. దూరం నుంచే పైకెత్తి చూపిస్తూ అడుగుతోంది.

"గిది నీ గోలీయేనానే?"

ముసలవ్వ కళ్లు చికిలించి చూసి నవ్వింది. "ఔనే, తెల్లది గిట్లనే ఉంటుండె. శానా మంచి గోలీ. నన్ను బతికిచ్చింది గదే. ఎవలు మింగుతున్రు?"

మంచి గోలీ అన్నది మా అత్త చెవికి ఎక్కలేదు. ఔను అన్నది ఒక్కటే ఎక్కింది. నేను అక్కడే నిలబడి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను, కత్తి సంగతి, కూర సంగతి. "నిప్పు లేంది పొగ లేస్తదా" అని మా అత్త అట్ట కొంగున ముడేసుకుని ఇంటికి నడిచింది.

మా ఊరి బడి గోడ మీద సర్కారు పెద్ద అక్షరాలతో రాయించింది. కుష్టు శాపం కాదు, మచ్చ కనిపిస్తే చూపించుకోండి, గోలీలు మింగితే తగ్గిపోతుంది అని. మావాళ్లు అది చదువుతూ పెరిగారు. మచ్చను చూసి రోగం పోల్చడం గోడ నేర్పింది. మచ్చ లేకున్నా గోలీని చూసి రోగం పేరు పెట్టడం మాత్రం మావాళ్లు సొంతంగా నేర్చుకున్నారు.

మర్నాడు ఊరి ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు నడిమధ్య పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అన్ని కులాలవాళ్లూ ఒకే వరుసలో కూర్చుని తినడం. బండ్లు ఆగుతాయి, సర్కారు చూస్తుంది. పప్పు వండే పెద్ద గంజు నాకు అప్పగించారు. పొద్దుటి నుంచి పొగలో నిలబడి వండాను. రాత్రి ఎవరేమనుకున్నారో నాకు తెలియదు, పొద్దున నన్నెవరూ ఏమీ అనలేదు. తారు రోడ్డు మీద విస్తర్లు పరిచారు. తండా నుంచి వచ్చినవాళ్లు, మాలమాదిగ వాడలవాళ్లు, ఊరి పటేళ్లు అందరూ వరుసగా కూర్చున్నారు. నా బిడ్డ కూడా పిల్లల పక్కన విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మొహం మీద ఒక్క పొక్కు లేదు. పాత పొక్కుల జాడలు ఎర్రగా ఉన్నాయంతే.

మా బావ వచ్చి ఎదుటి వరుసలో కూర్చోబోయాడు. పిల్లను చూసి ఆగిపోయాడు. నాతో మాట్లాడలేదు, మా అత్తతో అన్నాడు.

"ఏంది చిన్నమ్మా, పిల్లను గూడ తెచ్చి పంక్తిల కూసోబెట్టిండ్రా? నలుగురు తినే కాడ జర ఆలోచన ఉండొద్దా?"

"బావా, అది కుష్టు గాదు. అంటుకునేది గాదు. డాక్టరమ్మ పరీక్ష జేసి చెప్పింది" అన్నాను.

"డాక్టర్లు గట్లనే చెప్తరు. ఊరంత కూసున్న కాడ పట్టుబట్టకు."

విస్తరి తీసుకుని లేచాడు. ఆయన లేస్తే పక్కవాడు లేచాడు. వాడిని చూసి ఇంకొకరు. వరుసంతా లేచింది. ఊరు ఇన్నాళ్లూ పక్కన కూర్చోబెట్టినవాళ్లు, ఆ రోజే మొదటిసారి వరుసలో కూర్చున్నవాళ్లు, వాళ్లూ లేచారు. నన్ను అన్నిటికంటే మండించింది అదే. ముసలవ్వ సత్తుగిన్నె పట్టుకుని ఎప్పటిలాగే దూరంగా నిలబడి ఉంది. "నాకే లేదు గిప్పుడు, పోరికెక్కడిదయ్యా" అని ఆమె అరిచింది. అప్పటిదాకా ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. వినాలనీ ఎవరికీ లేదు.

నా బిడ్డ తింటూ తింటూ తలెత్తి ఖాళీ విస్తర్ల వైపు చూసింది. "అమ్మా, అందరి కడుపులు నిండినయా?" అని అడిగింది.

నేను వండిన పప్పు ముట్టినవాళ్లు లేరు. రోడ్డుకు అటువైపు కొత్త విస్తర్లు వేసి, పక్క పొయ్యి మీది కూరతో సరిపెట్టుకున్నారు. తిన్నాక మా బావ మైకు అందుకున్నాడు. మన కంచం వేరు పెట్టిండ్రు అని మొదలుపెట్టాడు. అదే మాట, అదే గొంతు, ఒక్క అక్షరం తడబడలేదు. ఆ పప్పు గంజు ఎత్తి ఆ మైకు మీద కుమ్మరించకుండా పిల్లను ఎత్తుకుని ఇంటికి నడిచాను. ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పటికీ నా చేతులు దురదపెడతాయి.

ఇంటికొచ్చి సాయంత్రం గోలీ వేద్దామని మా అత్తను అట్ట అడిగాను. పొయ్యిలో వేశానంది. ఆమె మొహంలో భయం లేదు, దాపరికం లేదు. ఇల్లు ఊడ్చి పెట్టినంత నిదానంగా చెప్పింది.

"గోలీ లేకుంటె పేరు పోతది బిడ్డా. పొక్కులదేముంది, అవి అస్తయి పోతయి. పేరు అస్తె పోతదా? రేపు పిల్లకు పెండ్లెట్లయితది? ముసల్దాన్ని జూస్తలేవా?"

నేను ఏం అరిచానో నాకే గుర్తు లేదు. పొయ్యిలో చేయి పెట్టి బూడిద కెలికాను, అది మాత్రం గుర్తుంది. మానుకోటకు ఫోన్ చేస్తే మా ఆయన, "రైళ్లు బంద్ ఉన్నయి, నాలుగు రోజులాగు, నేనచ్చినంక జూద్దాం" అన్నాడు. నాలుగు రోజులట. పొక్కులు ఆయన రైలు కోసం ఆగుతాయా? వాటి సమ్మె వాటికుంది. ముందు నాలుక మీద లేచాయి, తర్వాత పెదవుల చుట్టూ, ఆ తర్వాత మళ్లీ తొడల మీద, పాత మచ్చల అంచునే గుండ్రంగా. పిల్ల నీళ్లు మింగలేకపోయింది. నీళ్ల చెంబు చూస్తేనే తల తిప్పుకునేది. ఇంట్లో అందరూ పేరు పోవడం కోసం ఎదురుచూస్తున్నారు. నేను పిల్లను ఒక మెత్తటి చీరలో చుట్టుకుని బయటపడ్డాను.

జనగామ ఆటో అతను సాయిబుల మనిషి, పిల్ల మొహం చూసి ఏమీ అడగలేదు. "కూసో అక్కా, ఏడిదాక పోతె ఆడిదాక పోదాం" అన్నాడు. చాలా దూరం పోనక్కరలేకపోయింది. పెద్దరోడ్డు ఎక్కే మలుపు దగ్గరే రాళ్లూ ఎడ్లబండీ అడ్డం పెట్టి మావాళ్లే ఉన్నారు. ముందు మా బావ. ఆటో అతను దిగిపోయి మాట్లాడి వచ్చాడు.

"ఇనేటట్టు లేరక్కా. బండి మర్లేస్కొమ్మంటున్రు. ఒక్కటి ఇడిస్తె అన్ని ఇడవాలెనంట."

నేను దిగాను. పిల్ల మొహం మీది గుడ్డ తీసేశాను. ఎడ్లబండి దగ్గరికి నడిచి మా బావను అడిగాను.

"బావా, పిల్ల నీళ్లు మింగుతలేదు. మందుకు పోతున్న. తొవ్వ ఇడువు."

"నీ ఒక్కదానికే ఉన్నదా కష్టం? గింతమంది ఎండల కూసున్నది ఎవలి కోసం? నీ బిడ్డ బతుకు కోసం గూడ కాదా?"

"సరే. గట్లయితె ఆటో ఆన్నే ఉండనీ. నేను నడిచిపోయి మందు తెస్త. నేనచ్చేదాక పిల్లను నువ్వు ఎత్తుకో" అని రెండు చేతులతో పిల్లను ఆయన ముందుకు చాచాను.

ఆయన వెనక్కి జరిగాడు. నేను ముందుకు నడిచాను. ఆయన వెనకున్నవాళ్లూ జరిగారు. ఇంకో అడుగు వేస్తే ఎవరో పరుగున పోయి ఎడ్లబండి కాడి ఎత్తి పక్కకు లాగారు, ఇంకెవరో రాళ్లు దొర్లించారు. ఆటో పోవడానికి పట్టేంత దారి అయింది. పోలీసులు వచ్చినా జరగని మనుషులు నాలుగేళ్ల పిల్లను చూసి జరిగారు. మందుకు దారి దొరికిందని ఆ నిమిషంలో నాకు సంతోషం కలగలేదు. వాళ్లలో ఒక్కడు చేతులు చాచి పిల్లను అందుకుని ఉంటే, నేను నిజంగానే నడిచిపోయేదాన్ని.

వరంగల్ చేరి డాక్టరమ్మ ముందు పిల్ల నోరు తెరిపించి చూపించాను. ఆమె ఎందుకు ఆపావని గద్దించలేదు, మళ్లీ రక్తం చూసి గోలీ మొదలుపెట్టింది, నోటి పుళ్లకు కొన్నాళ్లు వేరే మందు కలిపింది. భూపాలపల్లి బొగ్గు బాయిలో పని చేసే నా తమ్ముడూ సమ్మెలోనే ఉన్నాడు. వాడు మోటరుసైకిలు మీద వచ్చి మమ్మల్ని ఘనపూర్ తీసుకుపోయాడు.

మా అవ్వకు, అంటే నన్ను కన్న తల్లికి, అంతా చెప్పాను. ఆమె మర్నాడు పొద్దున బోరింగు దగ్గర ఆడవాళ్లంతా బిందెలతో ఉన్నప్పుడు గోలీల అట్ట పట్టుకుని పోయి నడుమ నిలబడింది.

"ఇగో జూడుండ్రి. గిది కుష్టు గోలీనే. నా మనుమరాలికి కుష్టు లేదు, దానికి లేచే పొక్కులకు గూడ గీ గోలీనే పని జేస్తది. అడిగేదుంటె ఇప్పుడే అడుగుండ్రి. ఎనుకకు మాట్లాడితె నా నోరెట్లుంటదో మీకెరికె."

ఆ నోరు వాళ్లకు ఎరికే. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, తొవ్వన పోయేవాళ్లంతా చూసేలా పిల్ల వదిలిన ఎంగిలి అన్నం తిన్నది. పనైపోయింది. పిల్లలు ఆడుకోవడానికి వచ్చారు. ఇంత తేలికైన పని అది. మా అత్తగారి ఊళ్లో ఒక్కరు, మైకు చేతిలో ఉన్న ఆ ఒక్కరు చేసి ఉంటే చాలు.

రైళ్లు తిరిగాక మా ఆయన వచ్చాడు. పిల్ల పక్కన కూర్చుని అదే కంచంలో తిన్నాడు. నాలుగు రోజులాగు అన్న మాట నేను మరిచిపోలేదు, ఆయనకూ తెలుసు. సమ్మె ముగిశాక మానుకోటలో ఒక గది తీసుకుని అక్కడే కాపురం పెట్టాం. గోలీ సాగింది, చెప్పినప్పుడల్లా రక్తపరీక్షలు సాగాయి. ఒకరోజు బడి నుంచి వచ్చిన పిల్ల పెదవులు నీలంగా కనిపించాయి. చెప్పులు కూడా వేసుకోకుండా ఎత్తుకుని స్టేషన్ వైపు పరుగెత్తాను. సగం దూరం పోయాక పిల్ల నవ్వు ఆపుకోలేక నాలుక చాచింది, అది ఇంకా నీలం. జేబు నిండా నేరేడు పండ్లు. వీపు మీద ఒక్కటి వేసి, ఆ పండ్లు నేనూ తిన్నాను.

మెల్లగా గోలీ సగం నుంచి పావుకు వచ్చింది, తర్వాత రోజు మార్చి రోజు, తర్వాత డాక్టరమ్మ ఇక చాలంది. ఆపాక ఎన్నో నెలలు స్నానం చేయిస్తూ పిల్ల తొడల లోపల వేళ్లతో తడుముతూనే ఉన్నాను. ఏమీ లేవలేదు.

రాష్ట్రం వచ్చిన రోజుకు రమ్మని మా అత్త కబురు పెట్టింది. రానని నేనన్నాను, పోదామని పిల్ల ఏడ్చింది. పోయాం. మా అత్త గడపలోనే పిల్ల గౌను పైకెత్తి కడుపు, తొడలు వెతికి చూసి, ఒక్క మచ్చ గూడ లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె ఇచ్చిన నీళ్లు తాగాను. అంతకంటే నా వల్ల కాలేదు. ముసలవ్వ కిందటి ఎండాకాలమే చనిపోయిందని అప్పుడే తెలిసింది. ఆమె చేతిలో ఏదైనా ఆనించి పెట్టినవాళ్లు చివరిదాకా ఒక్కరు కూడా లేరు.

సాయంత్రం బడి ముందు జెండా ఎగరేశారు. మా బావ మాట్లాడాడు, మన ఆత్మగౌరవం మనకచ్చింది అన్నాడు. తర్వాత లడ్డూల బుట్ట పట్టుకుని పిల్లల వరుస వెంట వచ్చాడు. ఒక్కొక్కరి చేతిలో పెడుతూ, తల నిమురుతూ వస్తున్నాడు. నా బిడ్డ ముందుకు వచ్చేసరికి ఆయన చేయి దానంతటదే జానెడు పైకి లేచింది. లడ్డూ వదిలాడు.

పిల్ల చేయి వెనక్కి తీసేసింది. లడ్డూ మట్టిలో పడి చిట్లింది. అది దానివైపు చూడలేదు.

"చేతిల పెట్టు పెద్దబాపూ" అంది.

వరుసలో పిల్లలంతా చూస్తున్నారు, వాళ్ల తల్లులూ చూస్తున్నారు. మా బావ ఇంకో లడ్డూ తీశాడు. పిల్ల అరచెయ్యి చాచి కదలకుండా పట్టుకుంది. ఆయన వేళ్లు దించి లడ్డూ పెట్టాడు, వెంటనే చెయ్యి తువ్వాలకు తుడుచుకున్నాడు. అది నేను చూశాను. నా బిడ్డా చూసింది. అక్కడే నిలబడి, తొందరేమీ లేకుండా లడ్డూ అంతా తిని, వేళ్లు ఒక్కొక్కటే నాకింది. తర్వాత ఆ ఎంగిలి చెయ్యే మళ్లీ ఆయన ముందుకు చాచింది.

"ఇంకోటి" అంది.

మా బావ తల తిప్పి నా వైపు చూశాడు. నేను పిల్లను వెనక్కి పిలవలేదు.